వెనుక ఆడేవారి ధర్మం

రామాయణంలో దశరథుని కడదాకా వెంటాడిన దోషం ఒకటి ఉన్నది. యువరాజుగా ఉన్న రోజులలో అతనికి శబ్దవేధి విద్య అలవడింది. లక్ష్యాన్ని కంటితో చూడకుండా, వినవచ్చిన ధ్వనిని బట్టి బాణం వేయగల నేర్పు అది. ఒక వర్షాకాలపు రాత్రి సరయూ తీరాన వేటకై పొంచి ఉన్న అతనికి నీటి చప్పుడు వినిపించింది. ఏనుగు నీరు త్రాగుతున్నదని భావించి బాణం విడిచాడు. గురి తప్పలేదు. కాని అక్కడ ఉన్నది ఏనుగు కాదు. అంధులైన తల్లిదండ్రుల కోసం కుండలో నీరు నింపుకొంటున్న మునికుమారుడు. దశరథునిలో నేర్పుకు కొరత లేదు, దుర్బుద్ధి అసలే లేదు. బాణం చేరబోయే చోట ఎవరున్నారో తెలుసుకొనే ఓర్పు మాత్రం ఆ క్షణాన కొరవడింది. ఆ లోపానికి ఒక కుటుంబం బలి అయింది. ఆ శాపమే తరువాత అతనికి పుత్రవియోగమై పరిణమించింది.

దూరాన ఉన్న లక్ష్యం వైపు వేగంగా ఒక వస్తువును పంపే ప్రతివానికీ ఈ కథ వర్తిస్తుంది. నేటి క్రీడలలో అలాంటి ఆట గోల్ఫ్. చూడడానికి అది మిక్కిలి ప్రశాంతమైన క్రీడ. పచ్చని మైదానం, నెమ్మదిగా నడిచే మనుషులు, తక్కువ మాటలు. అయినా ఆ ప్రశాంతత తనంత తాను ఏర్పడినది కాదు. ముందు ఆడేవారికి, వెనుక ఆడేవారికి మధ్య ఉన్న ఒక అలిఖితమైన ఒప్పందం దానిని నిలబెడుతున్నది. ఆ ఒప్పందం ఏమిటో, దానిని మీరితే ఏమవుతుందో తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

ఆట స్వరూపం

గోల్ఫ్ స్కాట్లాండ్‌లో వికసించిన ఆట. 1457లో ఆ దేశపు పార్లమెంటు ప్రజలు విలువిద్యాభ్యాసం మానుకొంటున్నారన్న కారణంతో ఫుట్‌బాల్‌తో పాటు గోల్ఫ్‌ను కూడ నిషేధించింది. నిషేధం నిలువలేదు, ఆట నిలిచింది. 1744లో లీత్ పట్టణపు క్రీడాకారులు పదమూడు నియమాలను వ్రాసుకొన్నారు. నేడు లభిస్తున్న గోల్ఫ్ నియమావళులలో అది అత్యంత ప్రాచీనమైనది. బ్రిటిష్ దీవుల వెలుపల తొలి గోల్ఫ్ సంఘం 1829లో మన దేశంలోనే, కలకత్తాలో ఏర్పడింది. తెలుగు నేలపై హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. హైదరాబాదు మైదానం గోల్కొండ కోటలోని నయా ఖిల్లా ప్రాంతంలో ఉండడం విశేషం.

పూర్తి మైదానంలో పద్దెనిమిది అంచెలు ఉంటాయి. ఒక్కొక్క అంచెను ‘హోల్’ అంటారు. ప్రతి అంచె ‘టీ’ అనే చదునైన చోట మొదలై, ‘ఫెయిర్‌వే’ అనే కత్తిరించిన పచ్చిక బాట గుండా సాగి, ‘గ్రీన్’ అనే నున్నని పచ్చికతలంపై ఉన్న చిన్న గుంతలో ముగుస్తుంది. ఆ గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు మాత్రమే. టీ నుండి గుంతకు గల దూరం నూరు మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు. ఐదు వందల మీటర్లు దాటనూ వచ్చు. తక్కువ దెబ్బలతో బంతిని గుంతలోకి చేర్చడమే ఆటలోని సారం.

ఇతర క్రీడలకు, గోల్ఫ్‌కు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. క్రికెట్‌లో గాని కబడ్డీలో గాని ఒక మైదానంలో ఒకేసారి ఒకే ఆట జరుగుతుంది. గోల్ఫ్ మైదానంలో ఒకేసారి పదుల సంఖ్యలో ఆటలు సాగుతుంటాయి. ఇద్దరు, ముగ్గురు లేదా నలుగురు ఒక బృందంగా బయలుదేరుతారు. ఇంచుమించు పది నిమిషాల తరువాత అదే బాటలో మరొక బృందం బయలుదేరుతుంది. దాని వెనుక ఇంకొకటి. ఈ బృందాలు పరస్పరం పోటీ పడడం లేదు. ఒకరి పేరు ఒకరికి తెలియకపోవచ్చు కూడ. అయినా వెనుకవారు కొట్టే ప్రతి బంతీ ముందువారు నడుస్తున్న దిక్కుగానే ఎగురుతుంది.

ఇక్కడే చిక్కు ఉన్నది. ముందున్నవాని చూపు గుంత వైపు ఉంటుంది, వీపు వెనుకవారి వైపు ఉంటుంది. తన వైపు వచ్చే బంతిని అతడు చూడలేడు. అతని వీపును కాపాడగలిగినవాడు వెనుకనున్న అపరిచితుడే.

చిన్న బంతి – పెద్ద ప్రమాదం

గోల్ఫ్ బంతి అరచేతిలో ఇమిడిపోతుంది. నియమాల ప్రకారం దాని బరువు 45.93 గ్రాములకు మించరాదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. క్రికెట్ బంతి దీనికి మూడున్నర రెట్లు బరువు ఉంటుంది. ఈ తేలికదనాన్ని చూసి గోల్ఫ్ బంతి వల్ల పెద్ద ప్రమాదం లేదనుకోవడం పొరపాటు.

ఆరితేరిన క్రీడాకారుడు టీ నుండి కొట్టినప్పుడు బంతి గంటకు 270 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. వస్తువుకు గల గతిశక్తి దాని బరువును బట్టి పెరిగితే, వేగపు వర్గాన్ని బట్టి ఇంకా ఎక్కువగా పెరుగుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. ఆ లెక్కన కర్రను వీడిన క్షణంలో గోల్ఫ్ బంతికి ఉండే శక్తి, గంటకు 140 కిలోమీటర్ల వేగంతో ఫాస్ట్ బౌలర్ విసిరిన క్రికెట్ బంతి శక్తికి ఇంచుమించు సమానం. ఎగిరే కొద్దీ గాలి నిరోధం వల్ల ఆ వేగం తగ్గుతుంది. అయినా గాయపరచడానికి కావలసినంత మిగిలే ఉంటుంది. పైగా గోల్ఫ్ బంతి చిన్నది, గట్టిది. దాని తాకిడి శరీరంపై అతి తక్కువ చోట కేంద్రీకృతమవుతుంది. కంటిగూడులోనికి చొచ్చుకొని పోగల పరిమాణం దానిది.

క్రికెట్ బ్యాట్స్‌మన్ తలపై శిరస్త్రాణం ఉంటుంది. అతడు బౌలర్‌ను ఎదురుగా చూస్తుంటాడు, బంతి ఎప్పుడు వస్తుందో అతనికి తెలుసు. గోల్ఫ్ ఆటగానికి ఈ మూడూ లేవు.

బంతి ఎల్లప్పుడూ అనుకొన్న దారిలో పోదు. కర్ర తల కొద్దిగా వంకర తిరిగి తగిలినా బంతి గాలిలో పక్కకు మళ్లుతుంది. కుడిచేతి ఆటగాడు కొట్టిన బంతి కుడివైపుకు వంగితే దానిని ‘స్లైస్’ అనీ, ఎడమవైపుకు వంగితే ‘హుక్’ అనీ అంటారు. ఇది కొత్తవారికి మాత్రమే జరిగే పొరపాటు కాదు. 2018లో పారిస్ సమీపాన జరిగిన రైడర్ కప్ పోటీలలో ప్రపంచ ప్రఖ్యాతుడైన ఆటగాడు కొట్టిన బంతి ప్రేక్షకుల నడుమ పడింది. అది తగిలిన ఒక ప్రేక్షకురాలు ఒక కంటి చూపును శాశ్వతంగా కోల్పోయింది. అంతటి నిపుణుని బంతే దారి తప్పినప్పుడు సామాన్యుని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మొదటి ధర్మం: వేచి ఉండడం

వెనుక ఆడేవారు పాటించవలసిన నియమాలలో మొదటిది, మిక్కిలి సులభంగా కనిపించేది, ఆచరణలో మిక్కిలి కష్టమైనది ఒకటే. ముందున్న బృందం బంతి చేరగల దూరాన్ని దాటేదాకా కర్ర ఎత్తరాదు.

దూరాన్ని అంచనా వేయడంలోనే చాలామంది పొరబడతారు. ‘నా బంతి సాధారణంగా అంత దూరం పోదు’ అన్నది పొరబడినవారు తరచుగా చెప్పే మాట. సాధారణంగా ఎంత దూరం పోతుందన్నది ఇక్కడ కొలబద్ద కాదు. జీవితంలో అత్యుత్తమంగా తగిలిన దెబ్బకు బంతి ఎంత దూరం పోగలదన్నదే కొలబద్ద. గాలి వెనుక నుండి వీస్తే బంతి మరింత ముందుకు పోతుంది. నేల ఎండి గట్టిపడి ఉంటే పడిన తరువాత కూడ చాలా దూరం దొర్లుతుంది. ఈ రెండింటినీ కలుపుకొని చూచిన తరువాతనే ‘ఇక ఆడవచ్చు’ అన్న నిర్ణయానికి రావాలి. సందేహం ఉన్నప్పుడు వేచి ఉండడమే సరైన నిర్ణయం. అర నిమిషం ఆగినందువల్ల పోయే ఆట ఏదీ లేదు.

రెండవది, లెక్క పెట్టడం. ముందు బృందంలో నలుగురు బయలుదేరి, ముగ్గురే కనిపిస్తున్నారంటే నాలుగవవాడు ఎక్కడో ఉన్నాడని అర్థం. అతడు చెట్ల నడుమ బంతిని వెదుకుతుండవచ్చు. ‘బంకర్’ అనే ఇసుక గుంతలో దిగి ఉండవచ్చు. మరచిపోయిన కర్ర కోసం వెనుకకు తిరిగి వస్తుండవచ్చు. కనిపించనివాడు లేనివాడు కాడు. దశరథుని కథ చెప్పేదీ ఇదే.

మూడవది, ఆడనివారిని కూడ గమనించడం. మైదానంలో గడ్డి కోసేవారు, నీరు పెట్టేవారు, ఆటగాళ్ల సంచులు మోసే క్యాడీలు ఉంటారు. బంతి ఎక్కడ పడినదీ కనిపెట్టడానికి ముందుగానే వెళ్లి నిలబడే సహాయకులు కూడ ఉంటారు. మన దేశంలో వీరిని హిందీలో ‘ఆగేవాలా’ అంటారు. వీరిలో అనేకులు దినవేతనంతో కుటుంబాన్ని పోషించుకొనేవారు. ఆటగాడు వినోదం కోసం మైదానానికి వస్తాడు, వీరు జీవనం కోసం వస్తారు. యంత్రపు చప్పుడులో గడ్డి కోస్తున్న మనిషికి వెనుక నుండి వచ్చే కేక వినిపించదు. అందుచేత అతని దృష్టి పడేదాకా, అతడు చేయి ఊపి అనుమతించేదాకా ఆగడం ఆటగాని కనీస ధర్మం.

నాలుగవది, కంటికి కనిపించని బాటల విషయం. కొన్ని అంచెలలో నడుమ దిబ్బ అడ్డువచ్చి, టీ దగ్గర నిలిచినవానికి అవతలి భాగం కనబడదు. అలాంటి చోట్ల కొన్ని మైదానాలలో ఒక గంట కట్టి ఉంచుతారు. ముందు బృందం ప్రమాద పరిధిని దాటిన తరువాత ఆ గంట మ్రోగిస్తుంది. ఆ ధ్వని వినిన తరువాతనే వెనుకవారు ఆడతారు. స్కాట్లాండ్‌లోని ఈలీ అనే చోట ఇంకొక విచిత్రమైన ఏర్పాటు ఉన్నది. అక్కడ మొదటి టీ ఎదుట మిట్ట ఉండడం వల్ల అవతల ఎవరున్నారో తెలియదు. అందుచేత ‘ఎక్స్‌కాలిబర్’ అనే పాత జలాంతర్గామి నుండి తీసిన పెరిస్కోపును తెచ్చి అక్కడ అమర్చారు. ముందు బృందం దూరంగా వెళ్లినదని దానిలో చూచి నిర్ధారించుకొన్న తరువాతనే తరువాతి బృందాన్ని ఆడనిస్తారు. యుద్ధంలో శత్రువును కనిపెట్టడానికి పుట్టిన సాధనం ఇక్కడ అపరిచితుని క్షేమం కోసం పనిచేస్తున్నది.

‘ఫోర్’ అనే కేక

ఎంత జాగ్రత్త వహించినా ఒక్కొక్కప్పుడు బంతి మనుషుల వైపు దూసుకొనిపోతుంది. అప్పుడు ఆటగాడు ఆలస్యం చేయకుండా, గొంతెత్తి ‘ఫోర్’ అని అరవాలి. ఇది ప్రపంచమంతటా గోల్ఫ్ ఆటగాళ్లకు తెలిసిన హెచ్చరిక. ‘ముందు’ అనే అర్థమున్న ఆంగ్ల పదం నుండి ఇది వచ్చిందని కొందరు, ముందు నిలిచే ఫోర్‌క్యాడీలను హెచ్చరించే పిలుపు కురచబడి ఇలా అయిందని మరికొందరు చెబుతారు. పుట్టుక ఏదైనా భావం ఒక్కటే: ముందున్నవారు జాగ్రత్త.

దూరంగా కొట్టిన బంతి గాలిలో ఉండేది ఐదారు సెకన్లు మాత్రమే. ఆటగాడు బంతి వంగడం గమనించి, తటపటాయించి, చివరకు అరిచేసరికి అందులో సగం గడిచిపోతుంది. రెండు వందల మీటర్ల దూరానికి ధ్వని చేరడానికి మరో అర సెకనుకు పైగా పడుతుంది. కనుక బంతి దారి తప్పిందన్న అనుమానం రాగానే కేక వేయాలి. నలుగురిలో పొరపాటు బయటపడుతుందన్న సిగ్గుతో నోరు మూసుకొనడం, మెల్లగా గొణగడం క్షమించరాని తప్పులు. తోటివారు కూడ కేకలో గొంతు కలపాలి.

ఆ కేక విన్నవారు చేయవలసినదీ ఒకటి ఉన్నది. ఏమిటా అని తల ఎత్తి వెనుకకు చూడరాదు. మానవ సహజమైన ఆ కుతూహలమే ముఖాన్ని బంతికి ఎదురుగా నిలుపుతుంది. వెంటనే వంగి, రెండు చేతులతో తలను కప్పుకోవాలి. చెట్టు గాని సంచి గాని చేరువలో ఉంటే దాని చాటుకు పోవాలి.

కేక వేసినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. 2007లో స్కాట్లాండ్‌లోని ఒక మైదానంలో, ఒక అంచె ముగించి తరువాతి టీకి నడిచి వెళుతున్న వ్యక్తికి వేరొక అంచెలో కొట్టిన బంతి కంటికి తగిలింది. అతడు ఆ కన్ను కోల్పోయాడు. వివాదం న్యాయస్థానానికి చేరింది. బంతి కొట్టిన ఆటగాడు, మైదానాన్ని నిర్వహించే సంఘం ఇద్దరూ బాధ్యులేనని తీర్పు వచ్చింది. 2013లో పై న్యాయస్థానం ఆ బాధ్యతను విభజిస్తూ ఆటగానికి ఇరవై శాతం, తగిన హెచ్చరిక ఫలకాలు ఏర్పాటు చేయని సంఘానికి ఎనభై శాతం నిర్ణయించింది. ఆట ఆడడానికి వచ్చినవాడు ఆటలోని ప్రమాదాలన్నింటికీ తలవంచి వచ్చినట్లే అన్న వాదానికి న్యాయస్థానంలో హద్దు ఉన్నదని ఈ తీర్పు తెలుపుతున్నది. అయితే ఎన్ని లక్షల పరిహారం వచ్చినా పోయిన చూపు తిరిగి రాదు.

ముందున్నవారి ధర్మం

ధర్మం వెనుకవారికి మాత్రమే ఉన్నదనుకోవడం న్యాయం కాదు. వెనుకవారు ముందువారికి భద్రతను ఇవ్వవలసి ఉంటే, ముందువారు వెనుకవారికి కాలాన్ని ఇవ్వవలసి ఉన్నది. ఇరుకైన వంతెనపై ముందు నడిచేవాడు నిలిచిపోతే వెనుక ఉన్నవారంతా నిలిచిపోవలసిందే. గోల్ఫ్‌లోనూ అంతే. ఒక బృందం చేసే ఆలస్యం దాని వెనుకనున్న ప్రతి బృందానికీ సంక్రమిస్తుంది.

అందుకే నియమావళి కాలం విషయంలో స్పష్టంగా ఉన్నది. 2019 నుండి అమలులో ఉన్న నియమాల ప్రకారం, ఆటగాని వంతు వచ్చి, ఆడడానికి అడ్డంకి లేనప్పుడు నలభై సెకన్లలోపు బంతిని కొట్టడం మంచిది. పోయిన బంతిని వెదకడానికి గల గడువును ఐదు నిమిషాల నుండి మూడు నిమిషాలకు తగ్గించారు. తమకంటె వేగంగా ఆడే బృందం వెనుక ఉంటే దానికి దారి ఇవ్వాలని ఆ నియమాలు ప్రోత్సహిస్తున్నాయి.

బృందం తన వేగాన్ని ఎవరిని చూచి కొలుచుకోవాలి? వెనుకవారు ఇంకా దూరాన ఉన్నారు కదా అని నిదానించడం సరికాదు. ముందు బృందానికి తాము ఎంత చేరువలో ఉన్నామన్నదే సరైన కొలత. ముందు ఒక అంచె పూర్తిగా ఖాళీగా ఉండి, వెనుకవారు వేచి ఉన్నారంటే ఆలస్యం తమదేనని గ్రహించాలి. గుంతలో బంతి పడగానే గ్రీన్‌ను విడిచిపెట్టి, లెక్కలు తరువాతి టీ వద్ద వ్రాసుకోవాలి. సంచులను వెళ్లవలసిన వైపునే ఉంచుకోవాలి. వంతు రాకముందే ఏ కర్రతో ఆడాలో నిర్ణయించుకోవాలి. ఇవన్నీ చిన్న పనులే. పద్దెనిమిది అంచెలలో అవి ఆదా చేసే కాలం మాత్రం చిన్నది కాదు.

దారి ఇవ్వడంలో కూడ ఒక పద్ధతి ఉన్నది. ముందువారు మొదట బాట నుండి ప్రక్కకు తొలగి, వెనుకవారికి స్పష్టంగా కనిపించే సురక్షితమైన చోట నిలబడాలి. ఆ తరువాతనే చేయి ఊపి పిలవాలి. పిలిచిన తరువాత తమ ఆట కొనసాగించరాదు. వెనుకవారు దాటిపోయి, బంతి చేరే దూరాన్ని మించి ముందుకు వెళ్లేదాకా వేచి ఉండాలి. అప్పుడు స్థానాలు తారుమారవుతాయి. ఇంతదాకా ముందున్నవారు ఇప్పుడు వెనుకవారు. ఇంతదాకా తాము ఎదుటివారి నుండి కోరుకొన్న ఓర్పును ఇప్పుడు తామే చూపవలసి వస్తుంది. తనకు అప్రియమైనదానిని ఇతరులకు చేయకుండడమే పరమధర్మమని తిక్కన భారతం చెప్పిన నీతికి ఇంతకన్న సులభమైన ఉదాహరణ దొరకదు.

కోపానికి తావు లేదు

ముందువారు దారి ఇవ్వకపోతే ఏమి చేయాలి? ప్రమాదాలకు మూలమైన ఘట్టం ఇదే. పదే పదే ఆగవలసి వచ్చిన ఆటగానిలో అసహనం పెరుగుతుంది. ‘ఒక బంతిని వారి కాళ్ల దగ్గర పడేటట్లు కొడితే త్వరపడతారు’ అన్న ఆలోచన వస్తుంది. హెచ్చరిక కోసం కొట్టిన బంతికి, గాయపరచడానికి కొట్టిన బంతికి గాలిలో తేడా ఉండదు. కాళ్ల దగ్గర పడవలసినది తలకు తగలవచ్చు. అది హాస్యం కాదు, హెచ్చరికా కాదు, కేవలం హింస. తీవ్రమైన దుష్ప్రవర్తనకు పాల్పడిన ఆటగాని పోటీ నుండి తొలగించే అధికారం నియమావళి నిర్వాహకులకు ఇచ్చింది.

సరైన మార్గం వేరే ఉన్నది. తరువాతి టీ వద్ద ముందు బృందాన్ని కలుసుకొన్నప్పుడు నెమ్మదిగా, గౌరవంగా అడగవచ్చు. వారికి ముందు కూడ వేరొక బృందం ఆగి ఉన్నదేమో చూడాలి. అలాంటప్పుడు వారిని తప్పుపట్టడం అన్యాయం. అడిగినా ఫలితం లేకపోతే మైదానంలో తిరిగే పర్యవేక్షకునికి తెలియజేయాలి. వృద్ధులు, కొత్తగా నేర్చుకొనేవారు నెమ్మదిగా ఆడడం సహజం. ఈనాటి నిపుణుడు కూడ ఒకనాడు అలాగే ఆడినవాడే.

పొరపాటున బంతి ముందువారి దాపున పడితే వెంటనే వెళ్లి క్షమాపణ చెప్పాలి. ఎవరికైనా తగిలితే ఆట అక్కడితో ఆపి సహాయం అందించాలి. గాయం పైకి చిన్నదిగా కనిపించినా, తలకు తగిలిన దెబ్బను వైద్యునికి చూపించక తప్పదు.

సెయింట్ ఆండ్రూస్ చెప్పే పాఠం

ఈ ధర్మాలన్నీ ఒకేచోట కనిపించే మైదానం స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పట్టణపు ‘ఓల్డ్ కోర్స్’. 1552లో వ్రాసిన ఒక శాసనపత్రం ఆ భూమిలో గోల్ఫ్ ఆడుకొనే హక్కు పట్టణ ప్రజలకు ఉన్నదని గుర్తించింది. 1764లో ఆ మైదానం పద్దెనిమిది అంచెలకు కుదిరింది. తరువాత లోకమంతటా పద్దెనిమిదే ప్రమాణమైంది.

అక్కడి నిర్మాణం విలక్షణమైనది. ఆటగాళ్లు సముద్రతీరం వెంబడి వెళ్లి, మళ్లీ అదే భూమి మీదుగా తిరిగి వస్తారు. పద్దెనిమిది అంచెలలో నాలుగింటికి మాత్రమే ప్రత్యేకమైన గ్రీన్ ఉన్నది. తక్కిన పద్నాలుగు అంచెలు రెండేసి చొప్పున ఏడు విశాలమైన గ్రీన్‌లను పంచుకొంటాయి. రెండవదీ పదహారవదీ, మూడవదీ పదిహేనవదీ ఇలా జతపడతాయి. ప్రతి జత మొత్తం పద్దెనిమిదే కావడం ఒక చమత్కారం. ఏడవ అంచె బాట, పదకొండవ అంచె బాట ఒకదానినొకటి ఖండించుకొంటాయి. పట్టణపు దారి ఒకటి మొదటి, చివరి అంచెలకు అడ్డంగా పోతుంది. ఆటతో సంబంధం లేని బాటసారులు దాని మీద నడుస్తుంటారు. వారు దాటిపోయేదాకా ఎంతటి ఆటగాడైనా కర్ర దించి నిలబడవలసినదే. ఆదివారాలలో సాధారణంగా ఆట ఆపి, మైదానాన్ని ప్రజలు విహరించడానికి విడిచిపెడతారు.

ఇన్ని బాటలు కలిసే చోట గోడలు లేవు, కంచెలు లేవు. అక్కడ తరతరాలుగా ఆట సాగుతున్నదంటే ఆటగాడు కర్ర ఎత్తే ముందు నాలుగు దిక్కులా చూడడమే దానికి ఆధారం.

ముగింపు

చాలా క్రీడలలో నియమాలను అమలు చేయడానికి ఈల పట్టుకొన్న మధ్యవర్తి వెంట ఉంటాడు. గోల్ఫ్‌లో అనేక సందర్భాలలో ఆటగాడే తనకు మధ్యవర్తి. 1925 అమెరికన్ ఓపెన్ పోటీలలో బాబీ జోన్స్ తన బంతి స్వల్పంగా కదిలిందని తానే చెప్పి, తన లెక్కకు ఒక దెబ్బ కలుపుకొన్నాడు. చివరకు సమాన స్థానంలో నిలిచి, విజేతను తేల్చడానికి జరిపిన అదనపు ఆటలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. ఎవరూ చూడనప్పుడు లెక్క విషయంలో నిజాయితీ పాటించడం ఆటగాని శీలానికి ఒక పరీక్ష. తనను చూడలేని మనిషి వీపు విషయంలో ఓర్పు పాటించడం అంతకన్న పెద్ద పరీక్ష. మొదటిదానిలో తప్పితే పోయేది ఆట గౌరవం; రెండవదానిలో తప్పితే పోయేది ఒకరి కన్ను, ఒక్కొక్కప్పుడు ప్రాణం.

2018 దాకా గోల్ఫ్ నియమావళి గ్రంథం ‘మర్యాద’ అనే ప్రకరణంతోనే ప్రారంభమయ్యేది. ఎలా ఆడాలో చెప్పడానికి ముందు ఇతరుల నడుమ ఎలా మెలగాలో అది చెప్పింది. 2019లో నియమాలను సంస్కరించినప్పుడు ఆ భావాన్ని మొదటి నియమంలోనే చేర్చారు. ఇతరుల భద్రతను గమనించడం, తగిన వేగంతో ఆడడం ఇప్పుడు ఆ నియమంలో భాగాలు.

గోల్ఫ్ కర్రను ఎన్నడూ పట్టనివారికి కూడ ఈ ధర్మంతో పని ఉన్నది. రహదారిపై ముందు వాహనం వెనుక నడిపేవారు, మెట్లపై గుంపులో దిగేవారు, వరుసలో నిలబడినవారు అందరూ ఎవరో ఒకరి వెనుక ఉన్నవారే. ముందున్నవానికి వెనుక కన్నులు లేవు. ఆ లోటును తీర్చవలసినవి వెనుకనున్నవాని కన్నులే.

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు పదిహేను పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. గోల్ఫ్ క్రీడలో వెనుక ఆడేవారు పాటించవలసిన ధర్మాలను వివరించండి.
2. ముందు బృందానికి, వెనుక బృందానికి గల పరస్పర బాధ్యతలను చర్చించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. వ్యాసారంభంలోని దశరథుని కథకు, గోల్ఫ్ క్రీడకు గల సామ్యం ఏమిటి?
2. ‘ఫోర్’ అనే కేక విన్నవారు ఏమి చేయాలి? ఎందుకు?
3. సెయింట్ ఆండ్రూస్ మైదానంలోని ప్రత్యేకతలను తెలపండి.

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. కనిపించనివాడు లేనివాడు కాడు.
2. ముందున్నవానికి వెనుక కన్నులు లేవు.